తెల్లకాగితపు బండ్లు

వస్తువు ఒకనిచేతను, దాని హక్కు మరియొకని పేరను ఉండుట మన నల్లగొండ, పాలమూరు సీమలకు క్రొత్త సంగతి కాదు. తెల్లకాగితముపై నలుగురి యెదుట వ్రాసికొని, సొమ్ము చెల్లించి, ఏండ్ల తరబడి దున్నుకొనుచున్న రైతు సర్కారు లెక్కలలో మాత్రము పరాయివాడై నిలుచుట మనకు తాతలనాటి అనుభవము. దానినే సాదా బైనామా యందురు. ఆ సాదా బైనామా యిప్పుడు పొలము గట్టు దాటి రోడ్డు మీదికి వచ్చినది. మోటారు బండ్లు సైతము మన పల్లెలలో తెల్లకాగితముమీదనే చేతులు మారుచున్నవి. దీనివలన బీదసాదలు పడుచున్న కష్టమును, దానికి చేయదగిన ఉపాయమును నేడు పాఠకులకును ప్రభుత్వమువారికిని విన్నవింపదలచినాము.

మేము న్యాయవాద వృత్తిలో నుండుటచే ఇట్టి కథలు మా గడపకు తరచుగా వచ్చుచుండును. రెండింటిని మాత్రము చెప్పెదము. గత సంవత్సరము దేవరకొండ ప్రాంతమునుండి ఒక రైతు వచ్చెను. పదునెనిమిదేండ్ల క్రిందట నతడు ఉద్యోగము విరమించిన యొక ఉపాధ్యాయునివద్ద పాత అంబాసిడరు కారు కొనెను. నోటుపుస్తకమునుండి చించిన కాగితము మీద వ్రాత. దాని క్రింద ఇద్దరు సాక్షుల సంతకములు. ఆర్‌.సి. పుస్తకము వెదకి యిత్తునన్న ఉపాధ్యాయుడు కొలది నెలలకే కాలధర్మము చెందెను. కుమారులు దేశాంతరమున స్థిరపడిరి, ఇల్లు అమ్ముడుపోయెను, పుస్తకమేమైనదో యెరిగినవారు లేరు. కారు మాత్రము ఊరిలో నిలిచినది. సంతకు కూరగాయలు మోసినది అదియే. నడిరేయి పురిటినొప్పులు వచ్చిన ఆడవారిని ఆసుపత్రికి చేర్చినదియు నదియే. తుదకొకనాడు దారిలో దానిని నిలిపి కాగితములడిగిరి. "బండి నాదే సారూ, కాయితమే నాది కాదు" అని యతడు మాతో ననెను. ఇన్నేండ్ల వృత్తిలో చట్టపు చిక్కును ఇంత సూటిగా చెప్పిన మాట మేము వినలేదు.

రెండవవాని కథ దీనికి తలక్రిందులు. మిర్యాలగూడ వైపువాడైన యీతడు తన మోటారు సైకిలును పొరుగూరివానికి అమ్మి, డబ్బు తీసికొని, ఆ సంగతినే మరచెను. కొన్నవాడు దానిని మరియొకనికి, ఆ మరియొకడు ఇంకొకనికి అమ్మెను. నాలుగవవాని చేతిలో అది యొక బాటసారిని గ్రుద్దెను. భీమా కాలము ఎప్పుడో ముగిసియుండెను. నష్టపరిహారపు దావాలో సమను మాత్రము మొదటివాని యింటికి వచ్చెను. ఏలయన, రవాణా శాఖ పుస్తకములో నున్నది అతని పేరే. ఒకనికి బండి యున్నది, కాగితము లేదు. మరియొకనికి కాగితమున్నది, బండి లేదు. ఇద్దరును ఒక్క ఉరిలోనే చిక్కిరి.

ఇందలి న్యాయమేమో విచారింతము. 1930 నాటి సరకుల విక్రయ చట్టము ప్రకారము, చరాస్తి యొక్క యాజమాన్యము కొనువాడు, అమ్మువాడు ఒడంబడిన క్షణముననే మారవచ్చును. దానికి రిజిస్ట్రేషను అక్కరలేదు. ఆ దృష్టితో చూచిన దేవరకొండ రైతు నిజమైన యజమానియే. కాని 1988 నాటి మోటారు వాహనముల చట్టము తన రెండవ సెక్షనులోనే యజమాని యనగా ఎవని పేర వాహనము రిజిస్టరైనదో వాడని నిర్వచించినది. 2018లో సుప్రీము కోర్టువారు, బండి ఎన్ని చేతులు మారినను, పుస్తకములో పేరు మారనంతకాలము ప్రమాద పరిహారమునకు ఆ పేరుగలవాడే బాధ్యుడని తీర్పు చెప్పిరి. గాయపడినవాడు ఎవరెవరికి అమ్మిరో వెదకుచు ఊరూర తిరుగజాలడు గనుక ఆ తీర్పు ధర్మమే. కాని దానివలన తేలినదేమి? అమ్మినవాడు నిర్భయముగా నిద్రపోవలెనన్నను, కొన్నవాడు నిర్భయముగా రోడ్డెక్కవలెనన్నను పేరు మారవలయును.

పేరు మార్చుకొనరాదని చట్టము చెప్పలేదు. 50వ సెక్షను ప్రకారము అదే రాష్ట్రములో నైనచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెను. 29, 30 నంబరుల ఫారములు అందులకే యేర్పడినవి. మరి మనవారేల తెలుపరు? సోమరితనమని తేలికగా ననరాదు. పాలమూరు కూలి పనికై బొంబాయికి, పూనాకు పోయి ఆరు నెలలకు గాని తిరిగి రాడు. జిల్లా కేంద్రమునకు పోయి వచ్చుట యనిన ఒకనాటి కూలి నష్టము; పని తెమలకున్న రెండు నాళ్లు. నడుమ ఏజెంటు చేయి చాచును. ఖాళీ ఫారములమీద సంతకము చేయించుకొని జేబులో పెట్టుకొనుట ఆచారమైనది. ఆ ఫారము జేబునుండి జేబునకు మారి తుదకు చినిగిపోవును.

దీనికి తోడు మన కాలములో సరిహద్దులును మారినవి. నల్లగొండ బండ్లకు ఏ.పి. 24, పాలమూరు బండ్లకు ఏ.పి. 22 అను గుర్తులుండెను. 2014లో స్వరాష్ట్రము వచ్చిన పిదప అవి టి.ఎస్. 05, టి.ఎస్. 06 ఆయెను, 2024లో టి.ఎస్. పోయి టి.జి. వచ్చినది. 2016లో నల్లగొండ మూడు జిల్లాలై సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడినవి. పాలమూరునుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల విడిపోయినవి. 2019లో నారాయణపేటయు వేరైనది. పాత బండికి అంకె యొకచోటిది, ఊరు మరియొకచోటిది. 2019 సవరణచే రాష్ట్రములోని ఏ రిజిస్ట్రేషను అధికారివద్దకైనను పోవచ్చునను సౌకర్యము కలిగినదిగాని, ఆ సంగతి పల్లెలలో నెందరికి తెలియును?

పుస్తకము పోయినవానికి నేడు గల దారులెవ్వి? నకలు కావలెనన్న 26వ ఫారము వ్రాయవలెను. కాని దానిని వ్రాయవలసినవాడు రిజిస్టరైన యజమానియే. యజమాని మరణించినచో 31వ ఫారముపై వారసులు పేరు మార్పించుకొని, పిదప కొన్నవానికి బదిలీ చేయవలెను. ఆ వారసులే సముద్రములకావల నున్నారు. ప్రయివేటు కారుకు 15 ఏండ్లు నిండిన పిదప రిజిస్ట్రేషనును అయిదేండ్ల కొకసారి పునరుద్ధరింపవలెను. అందులకును యజమానియే కావలెను. ఇక మిగిలినది సివిలు కోర్టు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టములోని 34వ సెక్షను క్రింద, బండి నాదేయని ప్రకటింపుడని దావా వేయవచ్చును. ఏబది వేలు చేయని కారుకై ఏండ్ల తరబడి కోర్టు మెట్లెక్కుమని కక్షిదారునికి చెప్పుటకు, ఫీజు పుచ్చుకొను వృత్తిలో నున్న మాకే నోరాడదు.

ఇచ్చట నొక వింత గమనింపుడు. ఎవరిదో తెలియని బండి పోలీసు స్టేషను ఆవరణలో తుప్పు పట్టుచున్నచో, దానికి చట్టము చక్కని దారి చూపినది. మేజిస్ట్రేటు ప్రకటన చేయును; ఆరు నెలలలో హక్కుదారుడు రాకున్నచో అది ప్రభుత్వపరమై వేలమునకు పోవును; వేలములో పాడుకొన్న అపరిచితుడు 32వ ఫారముతో తన పేర వ్రాయించుకొనును. అనగా, ఆ కారును కన్నబిడ్డవలె సాకిన రైతుకు లేని హక్కు, నిన్న చేయెత్తి పాట పాడినవానికి కలదు! శ్రీమంతుల ముచ్చటయు చట్టమునకు కనబడినది. ఏబదియేండ్లు దాటిన పురాతన వాహనములకై 2021లో కేంద్రమువారు వేరుగా నిబంధనలు చేసిరి. ఇరువది వేల రూపాయల రుసుమునకు పదియేండ్ల రిజిస్ట్రేషను, వి.ఏ. యను ప్రత్యేకమైన అక్షరములు నిచ్చిరి. ఆ ముచ్చటను మేము తప్పు పట్టము. ప్రదర్శనకు నిలుపు బండిని తలచుకొన్న ప్రభుత్వము, పాలడబ్బాలు మోయు బండిని గూడ తలచుకొనవలెనని మాత్రమే యడుగుచున్నాము. ఇంతయేల, పాత బండిని విప్పి తుక్కుగా అప్పగించి చేతులు కడిగికొందమన్నను, ప్రభుత్వము గుర్తించిన తుక్కు కేంద్రము యజమాని కాగితమే యడుగును. మన పల్లెలోని పాత కారు కాగితము లేక బ్రదుకనులేదు, చావనులేదు.

భూమి విషయములో మన ప్రభుత్వములు ఈ చిక్కును విప్పజూచినవి. 1971 నాటి భూమి హక్కుల చట్టములో 5-ఏ సెక్షను సాదా బైనామాదారునికి విచారణమీద హక్కు నిచ్చు మార్గమాయెను. 2016లో, 2014 జూన్ 2కు పూర్వపు కొనుగోళ్లకు అయిదెకరములవరకు స్టాంపు సుంకము లేకుండ క్రమబద్ధము చేయ దరఖాస్తులు పిలిచిరి. 2020లో మరల పిలువగా లక్షలకొలది దరఖాస్తులు కుప్పపడెను. నడుమ పాత చట్టము రద్దయి, క్రొత్త చట్టములో ఆ వాకిలియే లేకపోవుటచే హైకోర్టు ఆ పనిని నిలిపెను. 2025 నాటి భూభారతి చట్టము మరల దారి తెరచినది. ఈ చరిత్రనుండి రెండు పాఠములు నేర్వవలెను. తెల్లకాగితమును సాక్ష్యముగా గ్రహించి విచారించుట సర్కారుకు అసాధ్యము కాదనునది మొదటిది. కొలది వారములు తెరచి మూసివేయు వాకిలి బీదవానికి న్యాయము కానేరదనునది రెండవది.

కావున మేము కోరునది యిది. పదునైదేండ్లు నిండిన బండిని కనీసము అయిదేండ్లుగా అనుభవించుచున్నవాడు, తన తెల్లకాగితముతోను, సాక్షుల ప్రమాణ పత్రములతోను రవాణా శాఖకు దరఖాస్తు చేసికొనవచ్చునను శాశ్వత నిబంధన యుండవలెను. అధికారి చాసిస్ నంబరును, ఇంజను నంబరును అచ్చు తీసి, దొంగబండ్ల జాబితాతో సరిపోల్చవలెను; అట్టి జాబితా జాతీయ నేర నమోదు సంస్థవారివద్ద సిద్ధముగానే యున్నది. బండిపై అప్పున్నదేమో చూడవలెను. పుస్తకములోని యజమానికి తుది చిరునామాకు నోటీసు పంపి, గ్రామ పంచాయతీ గోడపై నంటించి, రెండు నెలలు వేచియుండవలెను. ఆక్షేపణ రాకున్న, పూచీకత్తు తీసికొని మూడేండ్లు తాత్కాలికముగా పేరు వ్రాయవలెను. ఆ గడువులో నిజమైన హక్కుదారుడు వచ్చినచో ఆ పూచీనుండి అతని నష్టము తీరును. రాకున్నచో పేరు స్థిరమగును. ఇది మా ఊహ మాత్రమే కాదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున బండి విలువకు ఒకటిన్నర రెట్ల పూచీ పత్రముతో మూడేండ్లకు ఇట్టి హక్కు నిచ్చుచున్నారు. చట్టములోని 65వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వమునకు నియమములు చేయు అధికారమిచ్చినది. అందులో నిముడని భాగమునకై కేంద్రమును కోరవచ్చును.

దొంగలకు ద్వారము తెరచినట్లగునని కొందరందురు. ఆ భయము వట్టిది కాదు. అమెరికాలోనే వెర్మాంటు రాష్ట్రము పాత బండ్లకు అమ్మకపు చీటీ మాత్రము చూచి రిజిస్ట్రేషను ఇచ్చుచుండగా, పరరాష్ట్రములవారు ఇంట కూర్చుండియే ఆ దారిని వాడుకొనజొచ్చిరి. 2023లో ఆ రాష్ట్రము దానిని బిగింపవలసివచ్చినది. బండిని చూడక, ఊరినడుగక ఇచ్చిన కాగితమునకు పట్టు గతి అది. కాని తన పేరును, బండి అంకెను పంచాయతీ గోడమీద రెండు నెలలు అంటింపనిచ్చు దొంగ యెవడు? దొంగ కోరునది చీకటి. నేటి పద్ధతియే వానికి చీకటి. కాగితములేని బండ్లు వేలకొలది తిరుగుచున్నచోట దొంగబండి ఒకటి కలిసిపోవుట సులభము.

పాఠకులకు నొక మాట. నిబంధన వచ్చువరకు ఊరకుండరాదు. బండి అమ్మువారు డబ్బుతోపాటు పేరు మార్పు రసీదును చూచి గాని మనసు కుదుటపరచుకొనరాదు. కొనువారు పుస్తకము చేతికి రానిదే తుది రూక చెల్లింపరాదు. దొంగ ఆర్‌.సి. తెచ్చియిత్తుననువానిని, చాసిస్ అంకె మార్చెదననువానిని గడప త్రొక్కనీయరాదు. నేడు నిరపరాధియైనవాడు ఆ పనితో నిజముగా నేరస్థుడగును. అన్నిటికంటె ముఖ్యము, బాటసారి ప్రాణము మన బండి క్రింద నున్నదని తలచి, భీమా లేని బండిని రోడ్డెక్కింపరాదు.

రాష్ట్రోద్యమ దినములలో మమ్ము ఊరూర త్రిప్పిన జీపులలో ఎన్నింటికి కాగితములుండెనో మేమడుగలేదు. పెట్రోలు పోసికొని, రాత్రియనక పగలనక బండి నడిపిన ఆ చేతులు పల్లెవారివి. ఆనాడు వారిని కాగితమడుగని మనము, స్వరాష్ట్రము వచ్చిన పిదప వారు కాగితమడిగినప్పుడు ముఖము త్రిప్పుకొనుట తగునా? ఆ దేవరకొండ రైతు కారు నేటికిని వేపచెట్టు క్రింద కదలక యున్నది. ఆ ఊరివారు రాత్రివేళ ఆసుపత్రికి పోవలెనన్న ఫోను చేసి, వచ్చు బండికై ఎదురుచూచుచున్నారు. దానిని మరల కదలించుటకు తైలము కొరత కాదు, తాళము కొరత కాదు. సర్కారువారి ముద్ర పడిన ఒక్క కాగితము కొరత.