తాళం వేసిన ఇంటి లెక్క

2023లో గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారికి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ప్రకటిస్తే తెలుగువాళ్లమంతా పొంగిపోయాం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన మనిషికి 102 ఏళ్ల వయసులో దక్కిన గౌరవం అది. పొంగిపోవడంలో తప్పేమీ లేదు. కానీ అదే శాస్త్రం చదివి, ప్రజారోగ్యంలో పనిచేస్తానని ముందుకొచ్చిన అమ్మాయికి ఈ రెండు తెలుగు రాష్ట్రాల్లో మనం చూపిస్తున్న కొలువేది?

ఎమ్మెస్సీ పట్టా చేతికి రాగానే స్నేహితులు ఆమెకు హైదరాబాద్ అమీర్‌పేటలోని కోచింగ్ సెంటర్ల దారి చెబుతారు. క్లినికల్ సాస్ సాఫ్ట్‌వేర్ కోర్సు చెయ్యి, మందుల కంపెనీలకు ట్రయల్స్ చేసిపెట్టే సంస్థలో చేరు, జీతానికి ఢోకా ఉండదు. సలహా మంచిదే. కాదని ఇటు వస్తే దొరికేవి రెండే: మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో ఓ మూల కుర్చీ, లేదంటే పదకొండు నెలల కాంట్రాక్టు మీద ఏదో పరిశోధన ప్రాజెక్టు. ప్రాజెక్టు ముగిసిన రోజే ఉద్యోగమూ ముగుస్తుంది.

ఆ మూల కుర్చీ సంగతి నాకు బాగా తెలుసు. పీజీ థీసిస్‌ల గడువు దగ్గరపడిందంటే గుమ్మం ముందు క్యూ. పెన్‌డ్రైవ్‌లో ఎక్సెల్ షీటు. ఒకే కాలమ్‌లో ఒకచోట ‘మేల్’, ఇంకోచోట ‘ఎం’, మరోచోట ‘1’. షుగర్ గడి ఖాళీగా ఉంటే పరీక్ష చేయలేదనా, నార్మల్ అనా? నింపినవాళ్లకే గుర్తుండదు. ఇటు ముప్పై మంది, అటు ముప్పై మంది. ముప్పయ్యే ఎందుకమ్మా అంటే, “మా సీనియర్ కూడా అంతే తీసుకున్నారు సార్.” చివరికి అసలు కోరిక బయటపడుతుంది: “పి వేల్యూ 0.05 కన్నా తక్కువ వచ్చేలా చూడండి సార్.”

నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశమే పి వేల్యూ. పిల్లల్ని తిట్టి లాభం లేదు. అసలు ఏ తేడా లేనిచోట కూడా ఇరవై రకాల పోలికలు చేస్తే, సగటున ఒకదాని పి వేల్యూ 0.05 కిందికి దిగుతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్కదాన్ని పట్టుకుని ‘ఈ మందు పనిచేసింది’ అని రాస్తే, కాకతాళీయానికి డాక్టర్ సంతకం పెట్టినట్టే. ప్రయోగం ముగిశాక మమ్మల్ని పిలిస్తే పోస్ట్‌మార్టం తప్ప ఏమీ చేయలేమని స్టాటిస్టీషియన్ ఆర్.ఎ. ఫిషర్ 1938లోనే, కలకత్తాలో జరిగిన భారత స్టాటిస్టికల్ మహాసభలో హెచ్చరించాడు. మన గడ్డ మీద నిలబడి చెప్పిన మాటే మన కాలేజీల గడప ఇంకా దాటలేదు.

ఆరోగ్య గణాంకాలు చూసే బయోస్టాటిస్టీషియన్ అసలు పని కంప్యూటర్ దగ్గర కాదు, ఊళ్లో మొదలవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసుకోండి. ఎంపికైన ఊళ్లో ముందు ఇళ్లన్నీ జాబితా రాసి, అందులోంచి 22 ఇళ్లను ఎంచుతారు. ఆ ఇళ్లలో ఒకదానికి తాళం వేసి ఉంటే? సర్వేకి వెళ్లినవాళ్లకు తోచే ఉపాయం పక్కింటి తలుపు కొట్టడం. ఎండలో తిరిగి తిరిగి అలసిపోయినవాళ్లకు అది తప్పుగా కూడా అనిపించదు. కానీ అది ఒప్పుకోకూడదు. మళ్లీ రావాలి, ఇంకోసారి రావాలి, అయినా దొరక్కపోతే దొరకలేదని రాయాలి.

ఎందుకంటే తాళం ఊరికే పడదు. ఆ ఇంటివాళ్లు మిరప కోతలకు గుంటూరు వైపో, ఇటుక బట్టీకో పిల్లలతో సహా వెళ్లి ఉంటారు. పక్కింట్లో దొరికేది ఊళ్లోనే ఉండి రెండు పూటలా వండుకునే కుటుంబం. ప్రతి తాళానికీ ఒక పక్కిల్లు చేర్చుకుంటూ పోతే, కాగితం మీద పిల్లలు ఎత్తు పెరుగుతారు. 2019-21 సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం అని తేలింది. ఆ అంకెల వెనక ఇలాంటి నియమాలు కాపలా ఉన్నాయి కాబట్టే వాటిని నమ్ముతున్నాం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు విషయంలోనూ ఇదే చిక్కు. ఊళ్లో వైద్య శిబిరం పెడితే ఎవరొస్తారు? కాళ్లు వాచినవాళ్లు, ఇంట్లో ఒకరిని ఇప్పటికే డయాలిసిస్‌కు తిప్పుతున్నవాళ్లు. వచ్చినవాళ్లలో ఇంతమందికి జబ్బుంది అని లెక్క చెప్పొచ్చు గానీ, ఊరందరిలో ఇంతమందికి అని చెప్పకూడదు. పైగా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే లోపం కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఒక్కరోజు చేసి తేల్చేస్తే, ఆ వారం నీళ్లు తాగక ఎండలో పనిచేసిన జీడితోట కూలీ కూడా రోగుల జాబితాలో చేరిపోవచ్చు. “మూడు నెలల తర్వాత మళ్లీ రక్తం తీశారా?” అని అడిగే మనిషి మొదటి సమావేశంలోనే ఉండాలి. నివేదిక అచ్చయ్యాక అడిగితే అది పేచీ అవుతుంది.

ఈ వృత్తికి అసలు పరీక్ష మాత్రం చేదు నిజం చెప్పాల్సి వచ్చినప్పుడే. తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలుపెట్టిన బీసీజీ క్షయ టీకా ట్రయల్‌లో రెండున్నర లక్షలకు పైగా జనాన్ని చేర్చారు. కొందరికి టీకా, కొందరికి ఉత్తుత్తి మందు. ఎవరికేది పడిందో పరీక్షించేవాళ్లకూ తెలియకుండా నడిపారు. 1979లో తొలి ఫలితాలు వచ్చాయి. పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల క్షయను టీకా ఆపలేకపోయింది. పదిహేనేళ్లు వెంబడించి చూసినా మాట మారలేదు. పసిపిల్లలను మెదడుకు పాకే క్షయ వంటి తీవ్ర రూపాల నుంచి కాపాడుతుంది కాబట్టి పుట్టగానే బీసీజీ ఇవాళ్టికీ వేస్తున్నాం. అది వేరే సంగతి. ప్రభుత్వమే దేశమంతటా వేస్తున్న టీకా మీద ప్రభుత్వ పరిశోధకులే అలాంటి ఫలితం ప్రకటించగలిగారంటే, పాల్గొన్నవాళ్ల సంఖ్య, కొలత, పోల్చే పద్ధతి అన్నీ ముందే రాసిపెట్టుకున్నారు గనుకే. ఎవరూ తర్వాత సర్దుబాటు చేయడానికి సందు లేదు.

పదిహేనేళ్లు వెంబడించే పని పదకొండు నెలల కాంట్రాక్టుతో జరగదు. రెన్యువల్ కాగితం ఎవరి సంతకం కోసం ఎదురుచూస్తోందో, వాళ్ల పథకం పనిచేయలేదని రాసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? అందుకే పర్మనెంట్ పోస్టు అడగడం జీతం బేరం కాదు, లెక్క నిజాయితీకి అడిగే పూచీ.

సాఫ్ట్‌వేర్ ఉంది కదా, బటన్ నొక్కితే పి వేల్యూ వస్తుంది కదా అని అధికారులు అంటారు. వస్తుంది, నిజమే. తాళం వేసిన ఇల్లు, మూడు నెలల తర్వాతి రక్తపరీక్ష, ముప్పై మంది చాలరన్న సంగతి ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఇచ్చిన అంకెలు నిజమనుకుని లెక్క కట్టేస్తుంది.

చేయాల్సింది పెద్ద సంస్కరణేమీ కాదు. థీసిస్ ప్రతిపాదన ఎథిక్స్ కమిటీ ముందుకొచ్చే రోజే స్టాటిస్టీషియన్ సంతకం తప్పనిసరి చేయాలి. ప్రతి జిల్లా వైద్యాధికారి ఆఫీసులో ఒక శాశ్వత బయోస్టాటిస్టీషియన్ ఉండాలి. పిల్లల ఎత్తు కొలిచే పరికరాలకు టెండర్లు పిలవడం తెలిసిన ప్రభుత్వాలు, ఏ పిల్లల్ని కొలవాలో చెప్పే మనిషికి పోస్టు మంజూరు చేయడానికి ఎందుకు వెనకాడుతున్నాయో ఆర్థిక శాఖే జవాబు చెప్పాలి.