ఫిడేలు నేర్చు సోదరీమణులకు స్వరజ్ఞానము



మన గృహములలో ఫిడేలు నేర్చుకొను బాలికలును, యువతులును అనేకులు కలరు. సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు, గీతములు ముగించి వర్ణముల వఱకు వచ్చినవారును తక్కువగా లేరు. అయినను వివాహమై అత్తవారింటికి పోయినపుడో, ఉద్యోగముకొఱకు ఊరు మారినపుడో గురువు దూరమగుటతోడనే విద్యయు నిలిచిపోవుట తఱచుగా చూచుచున్నాము. తీగె సడలినచో సరిచేయువా రుండరు. క్రొత్త కీర్తన స్వరములతో పుస్తకమున నున్నను వాయించుటకు దారి తోఁచదు. కొన్నాళ్లకు ఫిడేలు పెట్టె అటక యెక్కును. తీరిక లేకపోవుటయే దీనికి కారణమని పలువురు చెప్పుదురు. అదియు నిజమే. కాని పాఠము వ్రేళ్లకు వచ్చి, దాని వెనుకనున్న లెక్క మనస్సునకు రాకపోవుట అంతకంటె పెద్ద కారణమని మా యభిప్రాయము. కావున ఈ నెల ఆ లెక్కనుగూర్చి కొంత ముచ్చటింతము.

వీణకు 24 మెట్లు కలవు. వ్రేలు మెట్టుపై నుంచినచో స్వరస్థానము చాలవఱకు మెట్టే చూపును. ఫిడేలున మెట్లు లేవు. నూలుపోగంత జరిగినను స్వరము చెడును. కావున ఫిడేలు వాయించు స్త్రీకి చెవియు, స్వరజ్ఞానమును మెట్లవలె నుండవలెను.

మొదట శ్రుతి. ఈ వాద్యము పాశ్చాత్య దేశములనుండి వచ్చినది. దీనిని మన సంగీతమునకు తెచ్చినవారిలో ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ములు బాలుస్వామి దీక్షితులవారు (1786–1858) ముఖ్యులు. మనవారు తీగెలను షడ్జ పంచమములకే శ్రుతి చేయుదురు. లావుతీగె మంద్రషడ్జము, దాని ప్రక్కది మంద్రపంచమము, ఆ తరువాతిది మధ్యషడ్జము, మిక్కిలి సన్ననిది మధ్యపంచమము. ఇంతమాత్రము తెలిసి, తంబురా నాదముతో షడ్జమును కలుపుకొనగల స్త్రీ, బిరడ జాఱినదని యెవరికొఱకును ఎదురు చూడనక్కఱలేదు.

ఇక స్వరస్థానములు. పెద్దవారి ఫిడేలున బిరడల కడనున్న మేరువు మొదలు తీగెలను మోయు గుఱ్ఱము వఱకు మ్రోగు తీగె సుమారు 13 అంగుళములు. మధ్యషడ్జపు తీగెను సరిగా నడుమ నొక్కినచో తారషడ్జము పలుకును. మేరువునుండి మూడవవంతు దూరమున, అనగా 4 అంగుళముల పైచిలుకున, పంచమము. నాలుగవవంతున, 3¼ అంగుళములకడ, శుద్ధమధ్యమము. అయిదవవంతున, 2½ అంగుళములు దాటినంతనే, అంతరగాంధారము. పదునాఱవవంతున, ముప్పాతిక అంగుళము దాటినంతనే, శుద్ధరిషభము. పైకి పోయిన కొలది స్థానములు దగ్గఱయగుట యీ లెక్కవలననే. సరిచూచుకొనుటకు సులభమైన యుపాయము కలదు. షడ్జపు తీగెపై పంచమము పలికించి, వెంటనే ప్రక్కనున్న పంచమపు తీగెను వ్రేలుంచక పలికింపుడు. రెండును ఒక్కటిగా వినబడినచో మీ వ్రేలు సరియైన చోట నున్నది.

తొలిపాఠములకు మాయామాళవగౌళ నేల యేర్పఱచిరో ఫిడేలుపై చక్కగా కన్పట్టును. ఈ పద్ధతి పురందరదాసులవారు (1484–1564) ఏర్పఱచినదని సంప్రదాయము. ఒక స్థాయిలో 12 స్వరస్థానములు కలవు. మాయామాళవగౌళలో స నుండి రి ఒక స్థానము, రి నుండి గ మూడు, గ నుండి మ ఒకటి. పిమ్మట మ నుండి ప రెండు. మరల ప నుండి ద ఒకటి, ద నుండి ని మూడు, ని నుండి పై స ఒకటి. అనగా స రి గ మ లకు షడ్జపు తీగెపై వ్రేళ్లు పడు చోట్లే, ప ద ని స లకు పంచమపు తీగెపైనను పడును. ఒకమాఱు కుదిరిన చేయి రెండు తీగెలకును పనికివచ్చును. శంకరాభరణమునందును, ఖరహరప్రియయందును, తోడియందును ఇట్లే రెండు భాగములును సమానములు. హరికాంభోజియం దట్లు కాదు. శంకరాభరణపు కాకలినిషాదము మాఱి కైశికినిషాదమగును. తక్కినవన్నియు అవియే. ఈ యొక్క భేదము తెలిసినచో క్రొత్త రాగము సగము పరిచితమైనట్లే.

డెబ్బదిరెండు మేళకర్తలన్న మాట విని భయపడు సోదరీమణులు దీనినే ఇంకొక యడుగు ముందునకు తీసికొనిపోవలెను. రిషభ గాంధారములు కూడు విధములు 6. ధైవత నిషాదములు కూడు విధములు 6. వానిని కలిపిన 36. శుద్ధమధ్యమముతో 36, ప్రతిమధ్యమముతో 36, వెరసి 72. పదునేడవ శతాబ్దమున వేంకటమఖి చతుర్దండిప్రకాశికయందు చూపిన యేర్పాటునకు మూలమిదియే. షడ్జపు తీగెపై ఆఱు అమరికలు, పంచమపు తీగెపై ఆఱు అమరికలు, నడుమ రెండు మధ్యమములు. వంటయింట లెక్కలు చూచుకొను మనకు ఇది కష్టము కాదు.

అయితే ఒక హెచ్చరిక. కొలతలచేత స్వరము దొరకును గాని రాగము దొరకదు. తోడిలోని గాంధారము ఒక చోట నిలుచునది కాదు. కదలికయే దాని ప్రాణము. గమకములు గురుముఖమున విని, గొంతుతో పాడి, పిదప కమానునకు తేవలసినవి. కావున స్వరజ్ఞానము గురువునకు బదులు కాదు. గురువు చెప్పినదానిని నిలుపుకొను సాధనము.

1919లో విజయనగరమున సంగీత కళాశాల వెలసినది. అచట ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893–1964) ఫిడేలు బోధించి, 1936లో అధ్యక్షులైరి. వారి కుమార్తె మంగతాయారుగారును ఆ విద్యలో పేరుగాంచిరి. విజయనగరమునకే చెందిన అవసరాల కన్యాకుమారిగారు 2016వ సంవత్సరపు సంగీతకళానిధి బిరుదమును పొందిరి. ఈ వాద్యము పురుషుల సొత్తని యింకను తలంచువారికి ఇంతకంటె సమాధానము వలదు.

దినమునకు అరగంట చాలును. మొదటి అయిదు నిమిషములు శ్రుతికి. తరువాత పది నిమిషములు ఒక మేళపు స్వరములను కాగితముపై వ్రాసి, పాడి, పిదప మెల్లగా వాయింపుడు. మిగిలిన కాలము వచ్చిన వర్ణమునే తీసికొని, ప్రతి స్వరము ఏ స్థానమో చెప్పుకొనుచు వాయింపుడు. గృహకృత్యములనడుమ అరగంట చిక్కనినాడు వ్రాయుట, పాడుట మాత్రమైనను మానవలదు. దానికి ఫిడేలు తీయనక్కఱలేదు.

వచ్చు నెల తాళములను, మూడు కాలములను గూర్చి వ్రాయుదుము. అంతలో పెట్టె అటకపై నున్నవారు దానిని క్రిందికి దింపి, తీగెలు తుడిచి యుంచుకొందురుగాక.