దారిబత్తెము లెక్క

ఒకరియొద్ద నెలజీతమునకు కుదురుకొనక, తమ విద్యను, హస్తకౌశలమును ఆధారముగా జేసికొని స్వతంత్రముగా పనులొప్పుకొను స్త్రీలు నేడు మనలో పెక్కుమంది కలరు. గృహాలంకరణము, అనువాదము, సంగీతబోధ, కుట్టుపని మొదలగునవి యట్టి వృత్తులు. పనిమీద పొరుగూరికి పంపినచో ఉద్యోగినికి దారిబత్తెము నిచ్చుట యజమానులకు వాడుక. స్వతంత్రవృత్తిగల స్త్రీకి మాత్రము తానడిగిననేగాని యెవ్వరును ఈయరు. ఈ యడుగుటయందే మనవారు వెనుదీయుచున్నారు.

లెక్క చూడుడు. విజయవాడయందలి యొక సోదరి గుంటూరులో నొక యింటి యలంకరణమును 20,000 రూపాయల కొప్పుకొన్నదనుకొందము. నాలుగు పర్యాయములు పోయివచ్చుటకును, అచ్చట భుజించుటకును పర్యాయమునకు 1,200 చొప్పున 4,800 రూపాయలు ఖర్చయినచో ఆమెకు మిగులునది 15,200 మాత్రమే. ప్రతిఫలములో రమారమి నాలుగవవంతు దారిలోనే పోయినది. ఈ మాత్రపు సంపాదనకు ఇంత తిరుగుడేల యని యింటివారందురు. లోపము ఆమె పనియందు లేదు, ఒప్పందమునందున్నది.

కావున మొదట పని యిచ్చువారినే అడుగవలయును. రాకపోకల ఖర్చు ప్రతిఫలములో చేరినదో, వేరుగా నిత్తురో, బస యెవరు చూతురో, భోజనమునకు దినమునకెంతయో పని యారంభింపకమునుపే వ్రాతమూలమున తేల్చుకొనుడు. బిల్లులో ప్రతిఫలమును ఒక పద్దుగను, ఖర్చులను రసీదులతో వేరొక పద్దుగను చూపుడు.

రెండవది ఆదాయపుపన్ను. కేవలము వృత్తినిమిత్తమై చేసిన వ్యయమును వచ్చుబడినుండి తీసివేసి, మిగిలినదానినే యాదాయముగా నెంచవలయునను సూత్రము 1961 నాటి చట్టమునందుండెను. 2026 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన 2025 నాటి చట్టమునందును అదియే కలదు. సొంతఖర్చులు ఇందు చేరవు. ఒకరు తిరిగి యిచ్చిన ఖర్చును మరల వ్యయముగా వ్రాసికొనరాదు.

చిక్కంతయు ఈ రెంటిని వేరుచేయుటయందున్నది. తిరుపతిలో పనికి పోవుచు పిల్లలను వెంటగొని కొండకు బోయి స్వామిని దర్శించితిరేని, మీ టిక్కెట్టు వృత్తివ్యయము. పిల్లల టిక్కెట్లు కావు. దర్శనమునకై అధికముగా నిలిచిన దినపు బసయు కాదు. భోజనముమాట మరింత సున్నితము. ఉన్నయూరిలో మధ్యాహ్నము తిన్న యన్నము సొంతఖర్చే. పనియున్నను లేకున్నను తినక తప్పదు గదా! పనికై పరస్థలమున రాత్రి నిలువవలసివచ్చినప్పటి భోజనమును, పనిమాటలాడుచు వచ్చినవారికిచ్చిన కాఫీ ఫలహారములును వృత్తివ్యయములుగా చూపవచ్చును.

ఇక నొక హెచ్చరిక. గృహాలంకరణము, వైద్యము, న్యాయవాదము, ఇంజనీరింగు మొదలగు కొన్ని వృత్తులవారికి, వచ్చుబడి సంవత్సరమునకు 50 లక్షలు మించనిచో, అందులో సగమును లాభముగా చూపి పన్ను చెల్లించు సులభమార్గము కలదు. ఈ మార్గము నవలంబించినవారు ప్రయాణము, భోజనము అని వేరుగా తీసివేయరాదు. అవియన్నియు తక్కిన సగములోనివే. నిజమైన ఖర్చు సగమునకు మించునేమో ముందుగా చూచుకొని, ఆడిటరును సంప్రదించి మార్గము నెన్నుకొనుడు.

2025–26 ఆర్థికసంవత్సరమునుండి క్రొత్త పద్ధతియందు 12 లక్షల వరకు సామాన్యాదాయముగలవారికి పన్ను పడదు. మరి మనకీ లెక్కయేల యందురేమో! ప్రతిఫలము నిచ్చువారు ముందుగా పన్ను కోసికొని ప్రభుత్వమునకు కట్టియుండవచ్చును. రిటర్ను దాఖలు చేయనిచో ఆ ధనము మరల చేతికి రాదు.

ఇందులకు గొప్ప పాండిత్య మక్కరలేదు. పాలపద్దును, చాకలిపద్దును తప్పులేక వ్రాయగల చేతికి ఇది బరువు కాదు. తేది, పోయిన యూరు, ఏ పనికి, ఎవరికొరకు, ఎంత యను అయిదు గళ్ల పుస్తకము నొకదాని నుంచుడు. సొంతబండియైనచో కిలోమీటర్లను గూడ వ్రాయుడు. రసీదులను నెలవారీగా కట్టగట్టుడు. ఒకరికి ఒక దినమున 10,000 రూపాయలకు మించి రొక్కముగా నిచ్చిన ఖర్చును చట్టము సాధారణముగా నొప్పుకొనదు. పెద్ద మొత్తములను బ్యాంకుద్వారా చెల్లించుడు.

సంవత్సరాంతమున ఆ పుస్తకము తెరచినచో, మీ శ్రమకు నిజముగా మిగిలినదెంతయో ఇంటివారికిని తెలియును, మీకును తెలియును. తరువాతి పనికి ఎంత యడుగవలయునో ఆ పుస్తకమే చెప్పును.