రాజు పోయిన నాడు ఎవరి కన్నీరు, ఎవరి లెక్క

2022 సెప్టెంబరు 8న బ్రిటన్ రాణి రెండవ ఎలిజబెత్ కన్నుమూశారు. డెబ్బై ఏళ్లు సింహాసనం మీద ఉన్న ఆమె మృతికి భారత ప్రభుత్వం సెప్టెంబరు 11ను సంతాప దినంగా ప్రకటించి, జాతీయ పతాకాన్ని అవనతం చేసింది. ఆ రోజుల్లో దేశంలో వినవచ్చిన మాటలు రెండు పాయలుగా చీలాయి. పోయినవారిని గురించి మంచే మాట్లాడాలని కొందరన్నారు. మరికొందరు కరువులను, జలియన్‌వాలాబాగును, కోహినూరును ఏకరువు పెట్టారు. పూరీలోని ఒక సంస్థ, రంజిత్ సింగ్ మహారాజు ఆ వజ్రాన్ని జగన్నాథస్వామికి రాసి ఇచ్చాడని, దానిని వెనక్కు తెప్పించాలని రాష్ట్రపతికి విన్నవించింది. తెలుగునాట మాత్రం అది కృష్ణా తీరాన కొల్లూరు గనిలో దొరికినదని గుర్తుచేసుకొన్నారు.

బరంపురం శివారు హల్దియాపదర్‌లో ఉండే తెలుగువాడిని నేను. జగన్నాథుడూ నావాడే, కొల్లూరూ నాదే. వజ్రం ఎవరిదన్న తగవును అలా ఉంచి, ఆ రోజుల్లో నన్ను వెంటాడిన ప్రశ్నను పాఠకుల ముందు పెడుతున్నాను. పాలకుడు కన్నుమూసినప్పుడు కొందరు దుఃఖిస్తారు, కొందరు లెక్కలు అడుగుతారు. వీరిలో ఎవరు మాట్లాడాలో, ఎవరు నోరు మూసుకోవాలో నిర్ణయించే అధికారం ఎవరికి ఉంది? ఇతర రాష్ట్రాలలో అల్పసంఖ్యాకులుగా బతుకుతున్న తెలుగువారికి ఈ ప్రశ్న ఏటా ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటుంది.

మొదట మా గంజాం సంగతి చూద్దాం. అరవై మూడేళ్లు పాలించిన విక్టోరియా 1901 జనవరి 22న మరణించేనాటికి గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. ఆమె ఏలుబడిలోనే 1866 నాటి మహాక్షామం ఒడిశాను కబళించింది. సుమారు పది లక్షల మంది చనిపోయారని అంచనా. ఒడియా ప్రజలు ఆ కరువును నేటికీ ‘న అంక’ దుర్భిక్షం అంటారు. అది పూరీ గజపతి ఏలుబడి లెక్కలో తొమ్మిదవ అంకమన్న మాట. అధికారం లండనులో ఉన్నా, రైతు తన ఆకలికి తన రాజు లెక్కలోనే పేరు పెట్టుకొన్నాడు. పదేళ్లు తిరిగేసరికి మద్రాసు రాజధానిని మరో ఘోరమైన కరువు పట్టుకొంది. అది సాగుతుండగానే, 1877 జనవరి 1న, ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించారు.

ఆమె మరణించాక సంస్థానాధీశులు, ధనవంతులు ఇచ్చిన చందాలతో కలకత్తాలో పాలరాతి స్మారక భవనం లేచింది. విశాఖపట్నం పాత ఊరిలో ఆమె విగ్రహం నిలిచింది. దానిని జనం రాణీబొమ్మ అన్నారు. ఆ పేరులో భక్తీ లేదు, పగా లేదు. అది కూడలికి ఒక గుర్తుగా మిగిలింది. ఇలా ఒకే ఏలికను తలచుకొన్న తీరు ఊరూరికీ, వర్గవర్గానికీ వేరుగా ఉంది. చందా పుస్తకాల్లో పేర్లు ఎక్కినవారి దుఃఖం కాగితాల మీద నిలిచింది. కరువులో పోయినవారి బంధువులు ఏమనుకొన్నారో ఆ చందా పుస్తకాలు చెప్పవు.

తెలుగువారి చరిత్రలో దీర్ఘకాలం పాలించిన రాజు మృతికి జనం స్పందించిన ఘట్టమంటే మొదట గుర్తుకు వచ్చేది హైదరాబాదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911 నుండి 1948 వరకు పాలించి, 1950 నుండి 1956 వరకు రాజప్రముఖుగా ఉండి, 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో కన్నుమూశారు. మరునాడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డాయి. జెండాలు అవనతమయ్యాయి. అంతిమయాత్రకు లక్షలాది జనం వచ్చారు. ఆప్తులు పోయినప్పటిలా స్త్రీలు గాజులు పగులగొట్టుకొన్నారని, వీధుల నిండా గాజుముక్కలు పరచుకొన్నాయని నాటి సంగతులు చెప్పేవారు అంటారు. అప్పటికి రజాకార్ల దాడులు ముగిసి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. సాయుధ పోరాటంలో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులు ఇంకా సజీవులే. ఏడ్చినవారూ, ఏడవనివారూ ఒకే తెలంగాణ బిడ్డలు. ఇరుపక్షాలలో ఎవరినీ అబద్ధమాడారని నేను అనలేను.

భాష విషయంలో ఆ రాజు లెక్క మరీ చిక్కైనది. భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమని దేశానికి చూపిన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఆయన స్థాపించినదే. వైద్యం, ఇంజనీరింగు, న్యాయశాస్త్రం ఉర్దూలో బోధించారు. మాతృభాషా మాధ్యమం కోసం పోరాడేవారు దానికి నమస్కరించవలసిందే. అయితే ఆ ఉర్దూ రాజ్యంలో సుమారు పదిమందిలో ఒకరి భాష. దాదాపు సగం జనం మాట్లాడే తెలుగుకు ఆ విశ్వవిద్యాలయంలో బోధనా మాధ్యమంగా చోటు దొరకలేదు. సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలని గస్తీ నిషాన్ 53 ఆంక్ష విధించింది. సంఖ్యలో అధికులైనా అధికారంలో అల్పులైనవారు భాషా అల్పసంఖ్యాకులే అవుతారని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

ఇక్కడ ఇంకొక సంగతి మరువరాదు. 1921 నవంబరులో వివేకవర్ధిని ప్రాంగణంలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకట రామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. గేలిచేసినవారు నిజాం అధికారులు కారు. ఇతర భాషలు మాట్లాడే తోటి ప్రజలు, తోటి సంస్కర్తలు. ఆ అవమానం నుండి ఆంధ్ర జనసంఘం పుట్టింది, అదే 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ అయింది. నా వృత్తికే చెందిన ఆ వకీలును నేను తరచు తలచుకొంటాను. రాజు పోతే అణచివేత కూడా పోతుందనుకోవడం పొరపాటని ఆ సభ మనకు చెబుతుంది. రాజు కుర్చీలో ఎవరు కూర్చున్నా, ఎదుటివాడి నుడిని చూసి నవ్వే అలవాటు మిగిలితే అల్పసంఖ్యాకుల స్థితి మారదు.

మా ప్రాంతానికి మరీ దగ్గరి ఉదాహరణ పర్లాకిమిడి. కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ శాసనరీత్యా జమీందారు, జనం నోట మహారాజు. 1913లో ఎస్టేటు పగ్గాలు చేపట్టారు. లండను రౌండ్ టేబుల్ సమావేశంలో ఒడియా ప్రజలకు ప్రత్యేక రాష్ట్రం కావాలని వాదించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. మరుసటి సంవత్సరం ఆ రాష్ట్రానికి ఆయన తొలి ప్రధానమంత్రి అయ్యారు. ఎస్టేటు రెండు రాష్ట్రాల మధ్య చీలిపోవడానికి కూడా ఆయన వెనుకాడలేదు. 1974 మే 25న మరణించిన ఆయన పేరు 1992లో ఏర్పడిన గజపతి జిల్లాకు నిలిచింది. ఒడియావారు ఆయనను తమ రాష్ట్ర నిర్మాతలలో ఒకరిగా కొలవడం న్యాయమే. 1936కు ముందు గంజాం కచేరీల్లోనూ బడుల్లోనూ తమ భాషను తెలుగు తొక్కివేస్తున్నదని వారు మొరపెట్టుకొన్నారు. ఆ మొరలో నిజం ఉంది. దానిని ఒప్పుకోకుండా నేడు మన మొర వినమని వారిని అడిగే అర్హత మనకు రాదు.

అదే పర్లాకిమిడిలో 1880లో రాజావారి పాఠశాలకు ఉపాధ్యాయుడుగా చేరిన గిడుగు వెంకట రామమూర్తి యాభై ఏళ్లకు పైగా నివసించారు. వ్యావహారిక భాష కోసం పండితులతో పోరాడింది ఆ ఊరిలో ఉండగానే. సవరల కోసం సొంత ఖర్చుతో బడులు పెట్టి, వారి భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిందీ ఆయనే. పర్లాకిమిడిని ఒడిశాలో కలపడాన్ని ఆయన వ్యతిరేకించారు. కలిపిన ఏడే, డెబ్బై దాటిన వయస్సులో, ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకొన్నారు. 1940లో కన్నుమూశారు. ఒక సంఘటన ఒకరికి రాష్ట్రావతరణ, మరొకరికి ఊరు విడిచే దినం. ఏప్రిల్ 1న ఉత్కళ దివసం జరుపుకొనే ప్రతి ఏటా బరంపురం తెలుగువాడు ఈ రెంటినీ మోస్తూ నిలబడతాడు. వేడుకలో పాల్గొంటే మనవారిలో కొందరు అమ్ముడుపోయాడంటారు. పాల్గొనకపోతే ఇరుగుపొరుగువారు పరాయివాడంటారు.

న్యాయవాదిగా నా సమాధానం ఇది. రాజు మరణానికి దుఃఖించడమూ, దుఃఖించకపోవడమూ, నిర్మొహమాటంగా లెక్క అడగడమూ పౌరుడి స్వేచ్ఛ. రాజ్యాంగం 19వ అధికరణం వాక్‌స్వాతంత్ర్యం ఇచ్చింది. మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కు కూడా ఇమిడి ఉందని సుప్రీంకోర్టు 1986లో చెప్పింది. అధిక సంఖ్యాకుల ఆరాధ్యుని ముందు అల్పసంఖ్యాకుడు ఏడ్చి చూపించి విధేయత నిరూపించుకోనక్కరలేదు. అలాగే మన వైపు నుండి, ఎదుటివారి దుఃఖాన్ని ఎగతాళి చేసే అధికారం మనకూ లేదు.

రాజుల విషయంలో మన దేశపు చట్టం తేల్చిన సంగతి మరొకటి ఉంది. మా బరంపురంలో పుట్టిన తెలుగువాడు వరాహగిరి వెంకటగిరి రాష్ట్రపతిగా ఉండగా, 1970 సెప్టెంబరులో మాజీ సంస్థానాధీశుల గుర్తింపు రద్దు చేస్తూ ఆయన పేరిట ఉత్తర్వు వెలువడింది. డిసెంబరులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణ రాజభరణాలను, గుర్తింపును తుదముట్టించింది. ఆనాటి నుండి ఈ దేశంలో చట్టం ముందు రాజు లేడు. రాజు లేని చోట రాజుగారి దయ కూడా ఉండరాదు. కాని భాష విషయంలో మనం ఇంకా దయనే నమ్ముకొని బతుకుతున్నాం. ఫలానా మంత్రిగారు మంచివారు, ఫలానా కలెక్టరుగారికి తెలుగంటే ఇష్టం అంటూ మహజర్లు పట్టుకొని తిరుగుతున్నాం. ఆయన బదిలీ అయితే మన పనీ బదిలీ అవుతుంది. నాకు తెలిసిన ఒక బడిలో తెలుగు మాష్టారు పదవీ విరమణ చేశాక, ఆ ఖాళీ నింపమని అడగడానికి ఊరివారు వెతికింది చట్టాన్ని కాదు, సిఫారసు చేసే పెద్దమనిషిని.

వెతకవలసినది 350ఎ అధికరణాన్ని. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని 1956 నుండి అది చెబుతున్నది. ‘ప్రయత్నించాలి’ అన్న మాట మెత్తనిదే. అయితే ఆ ప్రయత్నం ఏమేరకు జరిగిందని రాతపూర్వకంగా అడిగే దారి మనకు ఉంది. 350బి కింద భాషా అల్పసంఖ్యాకుల ప్రత్యేకాధికారి రక్షణల అమలును పరిశీలించి రాష్ట్రపతికి నివేదించాలి. ఆ నివేదికలు పార్లమెంటు ముందుకు వస్తాయి. సొంత విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొనే హక్కు 30వ అధికరణం ఇచ్చిన ప్రాథమిక హక్కు. భాషా అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రాన్ని ప్రమాణంగా తీసుకొని నిర్ణయించాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది గనుక, ఒడిశాలో తెలుగువారి స్థానం గురించి ఎవరినీ బతిమాలనక్కరలేదు.

అందుచేత ఒడిశాలోని తెలుగు సంఘాలకు నా మనవి రెండు మాటలు. ఉత్కళ దివసానికి వెళ్లండి, గజపతిగారి చిత్రపటానికి పూలమాల వేయాలనిపిస్తే వేయండి. అయితే ఆగస్టు 29న గిడుగువారి జయంతికి ఒడియా మిత్రులను పిలిచి, ఆయన ఎందుకు ఊరు విడిచారో వారి భాషలోనే చెప్పండి, సవర పెద్దలను ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఆ మరునాడు మీ ఊరి బడిలో ఎందరు తెలుగు పిల్లలున్నారో, తెలుగు చెప్పే ఉపాధ్యాయుడు ఉన్నాడో లేడో, పుస్తకాలు ఏ నెలలో చేరాయో రాసి, 350ఎ అధికరణాన్ని పేర్కొంటూ జిల్లా విద్యాధికారికి స్పీడ్ పోస్టులో పంపండి, నకలు ప్రత్యేకాధికారికి పెట్టండి. రసీదు జాగ్రత్త చేయండి. అధికారి మారినా ఆ రసీదు మీ చేతిలోనే ఉంటుంది.