కొండ మీద పొగ లేచినప్పుడు

ఫాల్గుణం వచ్చేసరికి అనంతపురం వైపు కొండల మీద గడ్డి పూర్తిగా ఎండిపోతుంది. ఎవరో బీడీ ముక్క పారేస్తారు. లేదంటే కొత్త చిగురు బాగా వస్తుందని ఎవరో కావాలనే అంటిస్తారు. పొగ కనిపించగానే పచ్చికొమ్మలు విరుచుకుని కొండెక్కేవాళ్లు ఎంతమంది? అడవిని కాచుకునే ఊరి సంఘంలో నిజంగా ఎంతమంది సభ్యులున్నారో ఆ రోజే తేలుతుంది.

ఈమధ్య పల్లెల్లో ఇలాంటి సంఘాల వాళ్లు కలిసినప్పుడల్లా 'మా సభ్యులు పెరుగుతున్నారు' అని చెబుతున్నారు. వినడానికి నాకెంతో సంతోషంగా ఉంటుంది. అయినా వెంటనే ఒక మాట అడగకుండా ఉండలేను: కొత్తగా చేరినవాళ్లు ఎవరు, ఇంకా చేరనివాళ్లు ఎవరు?

చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల మధ్య కల్పవల్లి కొండలున్నాయి. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ, ముష్టికోవిల ఊరివాళ్లతో కలిసి ఆ దశకం తొలి సంవత్సరాల్లోనే అక్కడి బోడిగుట్టల పని పట్టింది. విత్తనాలు చల్లారు, మొక్కలు నాటారు. అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది మాత్రం కాపలా. చెట్టు నరకకూడదు, నిప్పు పడనివ్వకూడదు. గొడ్డలి ఆగితే చాలు, చచ్చిపోయాయనుకున్న మోడులు వేళ్లలోంచి మళ్లీ చిగురిస్తాయి. మనుషులు నాటని చెట్లే అక్కడ ఎక్కువ. కప్పులకు బోదగడ్డి దొరికింది, చీపుర్లకూ బుట్టలకూ ఈతాకు దొరికింది, జీవాలకు మేత దొరికింది. కరువు సీమలో గడ్డి ఉన్న కొండంటే ఏమిటో గొడ్డును కబేళాకు తోలిన రైతుకు వేరే చెప్పక్కర్లేదు.

ముష్టికోవిల కొండ పచ్చబడటం చూసి పక్క ఊళ్లు ఒక్కొక్కటే కలిశాయి. ఇవాళ ఆ ఊళ్లన్నీ కలిసి కాచుకుంటున్నది ఏడున్నర వేల ఎకరాల వరకూ ఉంటుంది. ఎవరూ టార్గెట్ పెట్టి చేర్పించలేదు. నిప్పుకు పొలిమేర తెలియదు, మేకకు అసలే తెలియదు. ఒక ఊరు కాపలా కాసి పక్క ఊరు కాయకపోతే రెండు ఊళ్ల గడ్డీ పోతుంది. ఆ సంగతి అర్థమయ్యాక ఎవరూ బతిమాలాల్సిన పని ఉండదు. సభ్యత్వం పెరగడమంటే నా దృష్టిలో ఇదే.

రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు ప్రాంతంలో కాలువ కింది ఊళ్లు తిరిగి 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' అనే పుస్తకం వేశాడు. నీళ్లు పుష్కలంగా అందే ఎగువ ఊళ్లలో ఉమ్మడి ఏర్పాట్లు పెద్దగా కనిపించలేదు. నీళ్లు వస్తాయో రావో తెలియని చివరి ఊళ్లలో మాత్రం ఊరంతా కలిసి డబ్బు వేసుకుని, నీరుగట్టిని పెట్టుకుని, చేలకు కావలి పెట్టుకుని నడుపుకుంటున్నారు. కలవకపోతే పంట పోతుందన్న భయమే వాళ్లను కలిపింది. సంఘంలో చేర్చుకోవడానికి బయల్దేరేవాళ్లు ముందుగా ఆ భయం ఎవరి ఇంట్లో ఉందో వెతకాలి.

మన దగ్గర దీనికి తలకిందులుగా జరిగింది కూడా. 1992లో ఉమ్మడి రాష్ట్రంలో వన సంరక్షణ సమితుల ఉత్తర్వు వచ్చింది. ఆలోచన మంచిది. అడవి పక్క ఊరికి అడవి మీద బాధ్యతా, రాబడిలో వాటా ఉండాలన్నారు. తర్వాత ప్రపంచ బ్యాంకు డబ్బు వచ్చింది, సమితులు వేల సంఖ్యకు పెరిగాయి. కూలిపని ఉన్నన్నాళ్లూ సభ్యులున్నారు. నిధులు ఆగాక చాలా ఊళ్లలో మిగిలింది రంగు వెలిసిన బోర్డే. అలాంటి ఒక ఊళ్లో, పేరు చెప్పను, నేను పాత రిజిస్టరు తిరగేశాను. పేజీ తర్వాత పేజీ సంతకాలు, అన్నీ ఒకే చేతిరాత. ఆడవాళ్ల పేర్ల పక్కన భర్త పేరు దిట్టంగా ఉంది, వేలిముద్ర లేదు. ఆ పుస్తకం మూసి ఇచ్చేటప్పుడు కోపం కంటే దుఃఖమే ఎక్కువ వచ్చింది. అందులో పేరున్న ఆడవాళ్లలో ఎందరికి తాము సభ్యులమని తెలుసో!

కొండకు కాపలా పెడితే మొదటి రోజు నష్టపోయేది ఎవరు? కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని సంతకు నడిచే ఆడమనిషి. ఆ తర్వాత జీవాల కాపరి. అడవి పెరిగితే తోడేళ్లూ వస్తాయి, కల్పవల్లిలో వచ్చాయి. తోడేలు బతకాలని కోరుకునేవాళ్లలో నేనొకణ్ణి. కానీ అది ఎత్తుకుపోయే గొర్రెపిల్ల నాది కాదు. ఆ పిల్ల ఎవరిదో ఆ మనిషి సభలో కూర్చుని మాట్లాడనంతకాలం, ఎన్ని వందల మంది చేరినా ఆ సంఘం సగమే. చాలా ఊళ్లలో సభ రాత్రి వంట వేళకు పెడతారు. మేతకు మందలు దూరం వెళ్లిన నెలల్లో పెడతారు. ఆ తర్వాత వాళ్లు రారండీ అంటారు. వాళ్లు రాగలిగే వేళ ఏదో ఎప్పుడైనా అడిగారా?

కుర్రవాళ్ల సంగతి ఇంకో రకం. రిజిస్టరులో పేరు ఉంటుంది, మనిషి బెంగళూరులో ఉంటాడు. వాళ్లను తప్పుపట్టను, వాన లేని ఊరు వాళ్లను తరిమింది. అయితే వాళ్లు చేయగల పని ఒకటి ఉంది, చాలా ముఖ్యమైన పని: కాగితాలు చూడటం. కల్పవల్లి భూమి ప్రభుత్వ లెక్కల్లో బంజరు. ఊళ్లు ఏళ్ల తరబడి కాచి పచ్చగా చేసినా ఆ మాట మారలేదు. అందుకే 2010 దాటాక ఆ కొండల మీద గాలిమరలు పెట్టడానికి సులువుగా దారి దొరికింది. కొండలు చెక్కి రోడ్లు వేశారు, తవ్విన మట్టి వానకు వంకల్లోకి దిగింది. గాలి కరెంటు వద్దనను. కానీ ఆ కొండను కాచినవాళ్లను ముందుగా అడగాల్సిన అవసరం కాగితం మీద లేకపోవడం ఘోరం. సభ్యులు ఎంతమంది ఉన్నా అడంగల్లో వాళ్ల ఊసే లేకపోతే ఎవరైనా వచ్చి సర్వే రాళ్లు పాతుకోవచ్చు. రికార్డులు తీయించడం, అర్జీ రాయడం, గ్రామసభలో తీర్మానం చేయించడం చదువుకున్న పిల్లలకు సెలవు రోజుల పని. వాళ్లను చేర్చుకునేటప్పుడు చందా రసీదుతో పాటు ఆ పని కూడా చేతిలో పెట్టాలి.

1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైతే సంఘంలో ప్రభుత్వ వాటా ఉండదు, మనిషికి ఒకే ఓటు. కల్పవల్లి వాళ్లు ఆ దారే పట్టారు. నలభై ఎకరాల ఆసామికీ కట్టెల మోపు ఆమెకూ సమానమైన ఓటు! పల్లెలో ఇది చిన్న విషయం కాదు.

ఈ మధ్యే మొదలైన ఒక సంఘం వాళ్లు నన్ను పిలిచి కొత్త రిజిస్టరు చూపించారు. పేర్లు బాగా పెరిగాయి, సంతకాలు ఎవరివి వాళ్లే పెట్టారు, ముచ్చటేసింది. అందులో 'వృత్తి' అని ఒక గడి ఉంది. పైనుంచి కిందిదాకా 'వ్యవసాయం' అనే ఉంది. మరి గొర్రెలవాళ్లు ఏరీ అన్నాను. వాళ్ల మందలు ఇప్పుడు వంక అవతల దిగాయన్నారు, ఉగాది అయ్యాక వెళ్లి మాట్లాడతామన్నారు. మేం నిలబడ్డ చోటి నుంచి కొండ కనిపిస్తూనే ఉంది. గడ్డి అప్పటికే తెల్లగా ఎండిపోయింది. ఈ సాయంత్రమే వెళదాం పదండి, నేనూ వస్తాను అన్నాను.