శంఖం వినబడుతుంది, మాటే వినబడదు

పిల్లలూ! "చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు" అనే సామెత మీరు వినే ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్లకు వినికిడి తగ్గినప్పుడు ఈ సామెతను కొందరు వేళాకోళానికి వాడుతుంటారు. వారి విషయంలో ఈ సామెత తప్పని నా అభిప్రాయం. శంఖం వారిలో చాలామందికి బాగానే వినబడుతుంది. వినబడనిది మన మాట.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. ఒక సంక్రాంతికి అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం పిల్లాపాపలతో అమ్మ దగ్గర చేరాం. హాల్లో టీవీ, వంటింట్లో మిక్సీ, ఇరవైమంది మాటలు. మా అమ్మాయి వెనుకనుంచి "నానమ్మా, పాలు కావాలా?" అని అడిగింది. "కాలా? నొప్పి తగ్గిందే తల్లీ" అంది అమ్మ. అందరం పకపకా నవ్వాం. అమ్మా నవ్వింది. కాని మరునాటి నుంచి మేము కబుర్లకు కూర్చోగానే, నిద్ర వస్తోందంటూ గదిలోకి వెళ్లిపోయేది. అది నిద్ర కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. పాతికేళ్లుగా ధ్వని పాఠం చెబుతున్నవాణ్ణి నేను!

ఇంతకూ "పాలు" కాస్తా "కాలు" ఎలా అయింది? మన లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకొని ఉండే భాగం కర్ణావర్తం. అందులోని సుమారు 15,000 రోమకణాలు ధ్వని కంపనాలను గ్రహించి మెదడుకు సంకేతాలు అందేలా చేస్తాయి. ఎక్కువ పౌనఃపున్యం గల కీచు ధ్వనులను పట్టే కణాలు కర్ణావర్తం మొదట్లోనే ఉంటాయి. వయసు మీరేకొద్దీ సాధారణంగా ముందు దెబ్బతినేవి ఇవే. మనిషిలో ఇవి నశిస్తే మళ్లీ పుట్టవు.

మాటలోని ఆ, ఉ వంటి అచ్చులు బలమైనవి, తక్కువ పౌనఃపున్యం గలవి. శంఖనాదమూ అటువంటిదే. క, త, స వంటి హల్లులు బలహీనమైనవి. వాటిని గుర్తుపట్టించే ధ్వనులు చాలావరకు ఎక్కువ పౌనఃపున్యంలో ఉంటాయి. అందుచేత అమ్మ చెవికి అందింది "ఆలు" మాత్రమే. మొదటి హల్లును మెదడు ఊహించుకుంది. ఆ ఊహను చూసి మేము నవ్వాం.

మరి గట్టిగా అరిస్తే? అచ్చులే ఇంకా పెద్దవవుతాయి, హల్లులు అంతగా పెరగవు. పైగా కోప్పడుతున్నట్లుంటుంది. వినికిడి యంత్రం తప్పక మేలు చేస్తుంది. కాని అది మాటతోపాటు మిక్సీ మోతనూ పెంచుతుంది. కళ్లజోడు పెట్టుకున్నంత తేలిక కాదు.

కాబట్టి మారవలసింది గదీ, మనమూ. మరుసటి ఏడు కబుర్ల వేళ టీవీ కట్టేశాం. మిక్సీ పని ముందే ముగించాం. అమ్మను వెలుతురులో, వీపు గోడవైపు ఉండేలా కూర్చోబెట్టాం. ముందు పిలిచి, ఆమె మనవైపు చూశాక, దగ్గరగా కూర్చొని, ఒకరి తరువాత ఒకరం మాట్లాడాం. ఆరుబయట దూరం సగమైతే ధ్వని తీవ్రత నాలుగు రెట్లవుతుందని మీరు చదివే ఉంటారు. గదిలో అంత పెరగకపోయినా దగ్గరితనం మేలే. మాట అందకపోతే అదే మళ్లీ అనకుండా "తాగడానికి పాలు తేనా?" అని మార్చి చెప్పాం. ఆ రాత్రి అందరికంటె ఆలస్యంగా పడుకున్నది అమ్మే!

"పండుగంటే సందడే కదా, ఒక్కరి కోసం అన్నీ ఆపాలా?" అని కొందరంటారు. అంత దూరం నుంచి మనం వచ్చింది ఎవరిని చూడటానికి? వచ్చి ఆమెనే గదిలోకి పంపితే అదేమి పండుగ?

మీ ఇంట్లో ఎవరికైనా వినికిడి తగ్గితే "వయసు కదా" అని వదిలేయక వైద్యునికి చూపించమనండి. కొన్నిసార్లు గులిమి అడ్డుపడటమే కారణం కావచ్చు.

చివరగా ఒక ప్రయోగం. రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకోండి. మీ స్నేహితుణ్ణి వెనుక నిలబడి మెల్లగా పాలు, కాలు, తాలు అనే మాటలను వరుస మార్చి పదిసార్లు అనమనండి. ఎన్ని సరిగా చెప్పగలిగారో రాసుకోండి. తరువాత అతణ్ణి ఎదుట నిలబడి అనమనండి. "పా" అన్నప్పుడు పెదవులు కలుస్తాయి, "కా" అన్నప్పుడు కలవవు. రెండు లెక్కలూ పోల్చి చూసి, ఈ పండుగకు నానమ్మ ఎదురుగా కూర్చొని మాట్లాడండి.