సంగీతజీవులు – స్వీయప్రకటనము

మన సంగీతవిద్వాంసులలో నేటికిని ఒక సంకోచము కలదు. తన విద్యను గూర్చి తానే చాటుకొనుట ఆత్మస్తుతి యనియు, ఆత్మస్తుతి పెద్దలు నిషేధించిన దోషమనియు వారి యభిప్రాయము. విద్య యున్న చోటికి పిలుపు దానంతట అదియే వచ్చునని వారి నమ్మకము. ఆ నమ్మకము గౌరవింపదగినదే. కాని పిలుపు వచ్చు త్రోవ మారినది. ఆ క్రొత్త త్రోవలో తమ పేరు, తమ ఊరు తెలుపు పలకనైనను నాటుకొననివారు, ఎంతటి సమర్థులైనను, మాఘమాసపు ముహూర్తములలో సైతము ఇంట కూర్చుండవలసి వచ్చుచున్నది. ఇది మేము కన్నులార చూచుచున్న సంగతి.

ఏ సభనుండిగాని, ఏ కళాశాలనుండిగాని నెలజీతము లేక, పెండ్లికి పెండ్లి, కచేరికి కచేరి కుదుర్చుకొని జీవించువారిని గూర్చియే మేమిక్కడ ప్రస్తావించుచున్నాము. సన్నాయి, డోలు వాయించు భజంత్రీలు, వయొలిన్, వీణ, వేణువు, కీబోర్డు వాయించువారు, హరికథకులు, గృహప్రవేశములకును నిశ్చితార్థములకును పాడువారు, వినాయకచవితి పందిళ్లలో పాటకచేరీలు చేయు బృందములు – వీరందరు నీ కోవలోనివారే. వీరి సంవత్సరము పంచాంగమును బట్టి నడచును. ఆషాఢము వచ్చిన పెండ్లిండ్లు లేవు. మూఢము వచ్చిన అసలే లేవు. ఉన్న నాలుగు నెలలలోనే సంవత్సరపు గ్రాసమంతయు సంపాదించుకొనవలెను. అట్టివారికి ఒక్క ముహూర్తము తప్పిపోయిన ఎంతటి నష్టమో వేరుగ చెప్పనక్కరలేదు.

పూర్వకాలమున విద్వాంసులకు ప్రకటన యక్కర లేకుండెననుట నిజము కాదు. విజయనగరమునకో, పిఠాపురమునకో పోవు విద్వాంసుడు పెద్దల సిఫారసు జాబు చేతబట్టుకొని పోయెడివాడు. దర్బారునందు పరీక్షకు నిలిచి, పొందిన శాలువను, కంకణమును జీవితాంతము ధరించెడివాడు. ఆ కంకణము ప్రకటన కాదా? దేవాలయపు మేళమునకు మాన్యములుండెడివి గనుక ఆ చుట్టుప్రక్కల గ్రామములన్నిటికిని వాయిద్యగాండ్రెవరో అడుగకయే తెలిసెడిది. పిదప గ్రామఫోను వచ్చినది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో రేడియో కేంద్రము వెలసినది. ఆకాశవాణివారు పరీక్షచేసి తరగతులు నిర్ణయించుట మొదలుపెట్టిన తరువాత, ‘ఆకాశవాణి ఏ గ్రేడు కళాకారుడు’ అను మాట కార్డుమీదను, గోడపత్రికమీదను అచ్చు వేయించుకొనని విద్వాంసులు బహు కొద్దిమంది. దానిని ఎవ్వరును ఆత్మస్తుతి యనలేదు. నేడు కార్డు స్థానమున ఫోను తెర వచ్చినది, అంతియే భేదము.

2016వ సంవత్సరమున అంతర్జాలపు వెల హఠాత్తుగా పడిపోయినప్పటినుండి పల్లెలలో సైతము చేతిఫోనులో వెదకి కుదుర్చుకొనుట అలవాటైనది. 2020 మార్చిలో దేశమంతయు మూతబడగా, ఆ వేసవిలో పెండ్లికి ఏబది మంది అతిథులకు మించరాదని నిర్బంధము వచ్చెను. మేళములు మూలబడినవి. ఆ యేడాది చెన్నపట్టణపు మార్గశిర సంగీతోత్సవము సైతము చాలవరకు తెరమీదనే నడచినది. అంతవరకు ఫోనులో పాడుట చిన్నతనమని తలచిన పెద్ద విద్వాంసులు కూడ అప్పుడు దానియెదుట కూర్చుండిరి. అట్లు తెరువబడిన తలుపు మరల మూతబడలేదు.

ఒక సంగతి చెప్పెదము. క్రిందటి ఫాల్గుణమున కృష్ణాతీరమున ఒక పెండ్లికి మేము వెళ్లితిమి. సన్నాయిమేళము చాల దూరమునుండి వచ్చినది. వేడుకల ఏర్పాట్లు గుత్తకు తీసికొన్న పట్టణపు వ్యాపారి వారిని తీసికొని వచ్చెను. భోజనములవేళ మేము డోలువాని ప్రక్కన కూర్చుండి కుశలమడుగగా తెలిసినదేమనగా, పెండ్లివారు మేళమునకని ఇచ్చిన సొమ్ములో సగమునకు మించి నడుమనే నిలిచిపోయినది. ఆ గ్రామమునకు రెండు కోసుల దూరముననే మూడు తరములుగా సన్నాయి వాయించు కుటుంబమొకటి కలదు. ఆ దినమున వారికి పని లేదు. ‘మీ పొరుగున ఇంత మంచి మేళముండగా ఇంతదూరమునుండి ఏల పిలిపించితిరి?’ అని పెండ్లిపెద్దను అడిగితిమి. ‘వా రున్నట్లే మాకు తెలియదండీ. మా అమ్మాయి ఫోనులో చూచినప్పుడు వారి పేరు కనబడలేదు’ అని ఆయన బదులు చెప్పెను. ఆయన మాటలో దోషము లేదు. ఆ కుటుంబమువారి విద్యలోను దోషము లేదు. ఉన్నదెల్ల ఆ రెండు కోసుల నడుమనే.

కావున వాయిద్యగాడు చేయవలసినది లోకప్రసిద్ధుడగుట కాదు, వెదకువానికి దొరకుట. ఈ రెండింటిని ఒక్కటిగా భావించుటవలననే పెక్కుమంది శ్రమ వృథా యగుచున్నది. పెండ్లికి మేళమును వెదకువాడు ‘సన్నాయి మేళము, తెనాలి’ అని వెదకును. కావున యూట్యూబునందు పెట్టు చిత్రమునకు పేరుతో పాటు వాద్యము, ఊరు, జిల్లా ఉండవలెను. తెలుగులోను, ఇంగ్లీషు అక్షరములలోను కూడ ఉండవలెను. మనవారు తెలుగుమాటను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి వెదకుటకు అలవాటు పడినారు. దీనికి విచారించి ప్రయోజనము లేదు. గూగుల్ పటములో ఊరిపేరుతో నమోదు చేసికొనుటకు కాసు ఖర్చు లేదు. వాట్సాప్ సంఖ్య చిత్రముక్రింద మొదటి పంక్తిలోనే కనబడవలెను. మేము చూచిన చిత్రములలో సగమునకు సంఖ్యయే లేదు! ఇల్లు కట్టి వాకిలి మరచినట్లున్నది.

చిత్రము నిడివిగా నుండ నక్కరలేదు. దీపము వెలిగించుట, దండలు వేయుట, బిరుదులు చదువుట – ఇవన్నియు చూచునంత ఓపిక కుదుర్చుకొనువానికి లేదు. మొదటి పది క్షణములలోనే నాదము వినబడవలెను. సన్నాయి గొప్ప ధ్వని గల వాద్యము; ఫోనును దగ్గర పెట్టిన చెవులు చిల్లులుపడునట్లు ధ్వని చెదరిపోవును. పది పన్నెండడుగుల దూరమున నుంచవలెను. వీణకైనచో అంత దూరము పనికిరాదు. పెండ్లివారికి కావలసినదేమి? మాంగల్యధారణవేళ గట్టిమేళ మెట్లుండునో, ఊరేగింపులో ఎట్లు వాయింతురో, అతిథులు భోజనము చేయువేళ మృదువుగా ఏమి వాయింతురో, ఈ మూడును మూడు చిన్న చిత్రములుగా చూపిన చాలును. విద్వత్సభలో వాయించు రాగాలాపన సభలవారికొరకు వేరొకచోట నుంచవచ్చును. ఇవి యన్నియు మాఘమునకు రెండు నెలలు ముందుగా, అనగా కార్తికములోనే సిద్ధము చేయవలెను. పెండ్లివారు సంచకారములిచ్చు కాలమదియే.

ధర విషయమున మన విద్వాంసులకు గల బిడియమును గూర్చి కూడ ఒక మాట. ‘మీ యిష్టము, మీకు తోచినది ఇప్పింపుడు’ అనుట వినుటకు వినయముగా నుండునుగాని, ఆ వినయమే బేరగాని చేతికి కత్తి యగుచున్నది. ఎంతమంది వత్తురో, ఎన్ని గంటలు వాయింతురో, ప్రయాణపు ఖర్చు ఎవరిదో, సంచకారమెంతయో వ్రాసి పంపుట మర్యాదకు భంగము కాదు. నోటిమాటగా కుదిరి, ముహూర్తము ముందుదినమున తప్పిపోయిన కచేరీలు మేమెన్ని వినలేదు!

ఇక ప్రసిద్ధి మాట. 2018లో తూర్పుగోదావరి జిల్లా వడిసలేరు గ్రామస్థురాలు పసల బేబి పాడిన పాట ఒకటి ఫోనులనుండి ఫోనులకు ప్రాకి, ఆమెను చలనచిత్రసీమవరకు తీసికొనిపోయినది. అట్టి యదృష్టములు కలుగును. వానిని చూచి సంతోషింతము. కాని వానిని నమ్ముకొని కూర్చుండుట లాటరీచీటీ కొని వ్యవసాయము మానివేయుట వంటిది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించు మొగులయ్యగారి సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రపు పాటలో ఆయన గళమును లోకమంతయు విన్నది. 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024లో ఆయన హైదరాబాదు చెంత కూలిపని చేయుచున్నాడని పత్రికలలో చదివి మనమందరము సిగ్గుపడితిమి. లక్షలమంది వినుట వేరు, ఒక గృహస్థు పిలిచి సంభావన ఇచ్చుట వేరు. జిల్లాలోని మూడువందల మంది చూచి, వారిలో ముగ్గురు పిలిచిన చిత్రమే సంగీతజీవికి లాభకరమైనది.

మరియొక హెచ్చరిక. ఈ యంగళ్లలో మన సొంతమైనది ఒక్కటియు లేదు. యూట్యూబు గూగుల్‌వారిది, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాం, వాట్సాప్ మూడును మెటా అను ఒక్క అమెరికా సంస్థవి. ఎవరి చిత్రము ఎవరికి చూపవలెనో వారు నిర్ణయింతురు. ఆ నిర్ణయమునకు కారణము చెప్పరు. 2020 జూన్ నెలాఖరున మన ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించినది. దానిమీదనే ఆధారపడి వేలమంది శ్రోతలను కూర్చుకొన్న పల్లెగాయకులు తెల్లవారునప్పటికి ఒక్క శ్రోతయు లేనివారైరి. నిషేధము సకారణమే కావచ్చును; నష్టము మాత్రము వారిదే. పరుల స్థలములో పందిరి వేసికొన్నవాడు గుంజలు తనతో తెచ్చుకొనగలుగునట్లు వేసికొనవలెను. పిలిచిన ప్రతి గృహస్థుని పేరు, ఊరు, ఫోను సంఖ్య, కార్యపు తేదీ ఒక చిత్తుపుస్తకములో వ్రాసి యుంచుకొనుట మేము చెప్పు ఉపాయము. ఏ సంస్థయు ఆ పుస్తకమును మూయజాలదు.

సినిమాపాటల విషయమున పెక్కుమందికి ఒక భ్రమ యున్నది. పెండ్లి ఊరేగింపులోను, పెండ్లి సంబంధమైన వేడుకలలోను పాట వాయించుటను 1957 నాటి కాపీరైటు చట్టము ఉల్లంఘనముగా ఎంచదు. కాని అదే వాయింపును చిత్రించి అంతర్జాలమున నుంచిన సంగతి వేరు. అక్కడ యంత్రమే విని పోల్చుకొని, ఆ చిత్రముపై రాబడిని హక్కుదారునికి మరల్చవచ్చును, లేదా చిత్రమునే మూసివేయవచ్చును. తమను పరిచయము చేయు ముఖ్యమైన చిత్రమునకు త్యాగరాజస్వామివారి కీర్తనయో, సంప్రదాయపు మంగళవాద్యమో ఎంచుకొనుట క్షేమము. అన్నమాచార్యులవారి పదములు ఎవరి సొత్తును కావు గాని, వానిలో పెక్కింటికి వరుసలు గత శతాబ్దమున కూర్చబడినవని మరువరాదు.

శ్రోతల సంఖ్యను వెలకు కొనుట, వేరొకరి వాద్యమును తన చేతులకు జతపరచి చూపుట కూడ ఇప్పుడు వ్యాపించుచున్నవి. వీనిని గూర్చి ఎక్కువ వ్రాయ నక్కరలేదు. పందిరిలో మొదటి కీర్తనతోనే నిజము బయటపడును. అప్పటికి పెండ్లివారి ముహూర్తము మాత్రము పాడగును.

ఇంతవరకు వాయిద్యగాండ్రకు చెప్పితిమి. మా పాఠకులలో పెక్కుమంది వారిని పిలుచువారు. వారితోను చెప్పవలసినది కలదు. మండపపు పూలకు, విద్యుద్దీపములకు, వంటలకు లక్షలు వెచ్చించువారు మేళమునొద్దకు వచ్చునప్పటికి బేరమాడుట మేమెరుగుదుము. ‘మా పెండ్లికి పెద్దలు వత్తురు, మీకు ప్రచారము వచ్చును, తక్కువకు వాయింపుడు’ అను మాట మరింత తరచుగా వినబడుచున్నది. వంటవానితో ఈ మాట ఎవరైనను అందురా? ఒకప్పుడు మన పెద్దలు మేళమునకు మాన్యములు వ్రాసియిచ్చిరి. ఆ మాన్యములు నేడు ఎవరెవరి చేతులలో నున్నవో విచారించిన, మనలో కొందరికి మాట పెగలదు. మాన్యమీయకున్నను పోనీ, ఒప్పుకొన్న సొమ్మును నడిమివాని చేతికీయక వాయించినవాని చేతికి, ఫోనులోనే యైనను, నేరుగా ఇచ్చుట కష్టమైన పని కాదు.

పెండ్లిచిత్రము విషయము కూడ నున్నది. ఛాయాగ్రాహకుడు పెండ్లిని చిత్రించి లోకమునకు చూపుచున్నాడు. పూలవాని పేరు, అలంకారము చేసినవారి పేరు, చీర నేయించినవారి పేరు సైతము దానిక్రింద వ్రాయుచున్నారు. ఆ చిత్రమంతట వినబడు సన్నాయి ఎవరిదో ఎక్కడను లేదు. వైశాఖపు పెండ్లిండ్లు కుదుర్చుకొనుచున్న గృహస్థులు తమ ఛాయాగ్రాహకునితో ఇప్పుడే ఈ మాట చెప్పి, మేళపువారి పేరు, ఊరు, సంఖ్య వ్రాసి యిచ్చెదరు గాక. పెండ్లి యైన మరునాడు, అప్పగింతల బడలిక తీరిన పిమ్మట, గూగుల్ పటములో వారి పేరుక్రింద వారెట్లు వాయించిరో రెండు పంక్తులు నిజము వ్రాసిన, మరుసటి ముహూర్తమునకు పొరుగూరివారు వెదకునప్పుడు ఆ పేరు కనబడును.